సగానికి దించిన నీళ్ళు

జూన్ 9, సోమవారం

మళ్ళీ ఎక్కువే. బయటికి వదిలే నీళ్ళలో నైట్రేట్. మూడుసార్లు చేశాను పరీక్ష, మూడుసార్లూ అదే రంగు. గాజు గొట్టంలో ఆ ముదురు గులాబీ చూస్తుంటే ఒళ్ళు మండుతోంది.

ఇది చలికాలంలో మొదలైంది. చలికి సూక్ష్మజీవులు మందగిస్తాయి, ఎండలొస్తే సర్దుకుంటుంది అని అందరికీ నేనే చెప్పాను. ఎండలొచ్చాయి, బరంపురాన్ని మాడ్చాయి, వెళ్ళిపోతున్నాయి కూడా. సర్దుకున్నదేమీ లేదు.

అప్పన్న బాబాయ్ ట్యాంకు గట్టు మీది నుంచి కేకేశాడు. "మేడమ్మా, మురుగు పలసగుంది. ఒట్టి నీళ్ళలాగ్గుంది." ఇరవై ఏళ్ళుగా ఈ మురుగు శుద్ధి ప్లాంటు మోటార్లు తిప్పుతున్న మనిషి. ఆయన ముక్కుకి తెలిసినంత నా లాబ్‌కి తెలీదు. ఆ మాట ఆయన ముందు మాత్రం ఒప్పుకోను.

జూన్ 10

ఇవాళా అంతే. మేనేజరు పాఢీ సారుకి చూపించాను. "ఎవరేజ్ తీసి రాయండి మేడం." అన్ని రోగాలకీ ఆయన దగ్గర ఒకటే మందు.

జూన్ 12, గురువారం

అప్పన్న బాబాయ్ ఇవాళ టిఫిన్ డబ్బాలో పాయసం తెచ్చాడు. మనవరాలికి నెల దాటిందట. ఆయన కూతురు గౌరి బిడ్డ. పుట్టింట్లో పురుడు పోయడానికి గౌరికి తల్లి లేదు, అందుకే అత్తగారింట్లోనే ఉంది. మా ప్లాంటు కాలవ దిగువన ఉన్న పేటలో, దిగువ సాహిలో. ఫోనులో ఫొటో చూపించాడు. కళ్ళు మూసుకున్న గుప్పెడంత మొహం. అది నవ్వుతోందని ఆయన వాదన.

గౌరికి పాలు చాలడం లేదట. పాలడబ్బా పొడి కలిపి పడుతున్నారు. "నీళ్ళు ఏటి పట్టాల మేడమ్మా? అక్కడ బావి నీళ్ళే గదా."

"కాచి పట్టమను బాబాయ్. బాగా మరగనివ్వాలి. ఊరికే గోరువెచ్చగా కాదు."

"అలాగే సెప్తాను. నువ్వు సెప్పావంటే మా వియ్యపురాలు ఇంటాది." లాబ్‌లో కూర్చుంటాను కాబట్టి నాకు నీళ్ళ గురించి అన్నీ తెలుసని ఆయన నమ్మకం. బాగుంది, నచ్చింది కూడా.

జూన్ 14, శనివారం

రజొ పండగ మొదలు. భూమికి మూడ్రోజులు సెలవు, ఆడవాళ్ళకీ సెలవు. పాఢీ సారు గుమ్మంలోనే — "రజొ మేడం! ఇంటికెళ్ళి ఉయ్యాల ఊగండి." నైట్రేట్‌కి సెలవిస్తే ఊగుతాను సార్ అన్నాను. ఆయన నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు.

జూన్ 15

తగ్గింది!

తప్పు చేశానేమోనని మళ్ళీ చేశాను. తగ్గింది. నిన్నటికి సగం.

జూన్ 16

ఇంకా తగ్గింది. సంతోషం కంటే భయంగా ఉంది. ఎందుకు పెరిగిందో తెలీదు, ఎందుకు తగ్గిందో తెలీదు. జీతం మాత్రం తీసుకుంటున్నాను.

జూన్ 17, మంగళవారం

పొద్దున్న మామూలే. సాయంత్రం శాంపిల్‌లో మళ్ళీ పైకి. ఈ మూడు రోజులూ ఏం మారింది? గాలి ఊదే బ్లోయర్లు అవే, ట్యాంకులు అవే, మనుషులూ వాళ్ళే. వాన లేదు. అప్పన్న బాబాయ్‌ని పట్టుకుని నిలదీశాను. మనమేం చేశాం ఆదివారం, సోమవారం?

"మనమేటీ సెయ్యలేదు. మురుగు సిక్కగొచ్చింది. తెల్లగా... గోశాల బండోడు మూడ్రోజులు రాలేదు గదా, రజొకి ఊరెల్లాడు. ఓటళ్ళోళ్ళు గంజి కాలవలో పోసేసుంటారు."

గంజి.

నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

హోటళ్ళు, హాస్టళ్ళు, కల్యాణ మండపాలు గంజి కాలవల్లో పోయకూడదు, డ్రమ్ముల్లో పట్టి గోశాల బండికి ఇవ్వాలి — ఈ పథకం ఎవరిది? నాది. పోయిన దసరాల ముందు మెస్సు మెస్సుకీ తిరిగి, వంటవాళ్ళని బతిమాలి, బెదిరించి అమలు చేయించాను. ఆవులకి గంజి, కాలవకి శుభ్రం. పేపర్లో నా ఫొటో వేశారు. ఆఫీసు గోడ మీద ప్రశంసాపత్రం ఇంకా వేలాడుతోంది.

రెండు సీసాల్లో ట్యాంకు బురద పోశాను. ఒకదానిలో చెంచాడు బెల్లం నీళ్ళు, రెండోది ఊరికే. మూతలు బిగించాను. రెండు గంటలయ్యాక బెల్లం సీసాలో బుడగలు, నైట్రేట్ దాదాపు లేదు. రెండో సీసా పోసినప్పుడు ఎలా ఉందో అలాగే. అంతే. ఇంకే అనుమానమూ లేదు. వాటికి తిండి లేదు. నోటి దగ్గర కంచం లాగేసింది నేనే.

జూన్ 18, బుధవారం — పొద్దున్న

పాఢీ సారుకి చెప్పాను. ఆయన లెక్కల మనిషి, అందుకని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. ఒక ట్యాంకులో గాలి ఊదితే మురుగులోని అమ్మోనియా నైట్రేట్ అవుతుంది. పక్క ట్యాంకులో గాలి ఉండదు, అక్కడి జీవులు ఊపిరి కోసం నైట్రేట్‌ని విడగొట్టి నైట్రోజన్‌ని గాలిలోకి పంపేస్తాయి. కానీ ఆ పని చేయాలంటే తినాలి. పిండి, చక్కెర, గంజి, ఏదో ఒక కర్బనం. మురుగు మరీ పలచనైతే పస్తు. పస్తున్న జీవి పని చేయదు, నైట్రేట్ అలాగే కాలవలోకి పోతుంది.

"అయితే కణ కరిబా, ఏం చేద్దాం? పైకి ఏమని రాయను, పురుగులకి బెల్లం పెట్టండనా?"

"గంజి తిరిగి తెప్పిద్దాం సార్."

"మీరే వద్దన్నారు కదా మేడం." సర్టిఫికెట్ వంక చూశాడు. నేను కిటికీ వంక చూశాను.

తనిఖీ వాళ్ళు వచ్చే నెల వస్తారట. అంతదాకా ఎవరేజ్.

కాలవ ఎక్కడెక్కడికి పోతోంది అని ఎప్పుడైనా చూశానా నేను? గేటు దాటాక మన నీళ్ళు కావు అన్నట్టే ఉన్నాం అందరం. మధ్యాహ్నం వెళ్తాను.

అదే రోజు — సాయంత్రం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

కాలవ వెంట నడిచాను. అంతా ఇసక నేల. కాలవకి పది పన్నెండు అడుగుల దూరంలో దిగువ సాహి బావి. కొళాయి అక్కడిదాకా ఇంకా రాలేదు, నాలుగైదు ఇళ్ళకి అదే బావి. గౌరి వసారాలో బిడ్డని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. "అక్కా, ఎండలో వచ్చావేటి!" అని లేవబోయింది.

బావి నీళ్ళు సీసాలో పట్టాను. పట్టకుండా వచ్చేస్తే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. గౌరి అత్తగారు నన్ను వంటింట్లోకి పిలిచి మరీ చూపించింది. ఇత్తడి గిన్నె, మూత, దాని మీద తడిగుడ్డ. "నానేటి అలాగిలాగ కాస్తానా? సగానికి దించుతాను. బాలింతకీ అవే, పిల్లకీ అవే. నువ్వే సెప్పావంట గదా బాగా మరగాలని!" ఎంత గర్వంగా చెప్పిందో. నేను తలూపాను. ఆ నీళ్ళు కూడా చిన్న సీసాలో తీసుకున్నాను.

లాబ్. బావి నీళ్ళు తాగే హద్దు దాటాయి, బాగా దాటాయి. కాచిన నీళ్ళ రంగు నా చార్టులోనే లేదు. పలచన చేసి మళ్ళీ చూడాల్సి వచ్చింది. రెండింతలు.

అవును మరి. మరిగిస్తే పురుగు చస్తుంది. నైట్రేట్ ఎక్కడికి పోతుంది? నీరు ఆవిరై అది మిగులుతుంది. పదో తరగతి పిల్లకి తెలిసిన సంగతి. బాగా మరగనివ్వాలి అన్నది నేను. నెల దాటిన పిల్లకి.

అప్పన్న బాబాయ్‌ని పిలిచి చెప్పాను, ఆ నీళ్ళు ఆపమని.

"కాసిన నీళ్ళే గదా మేడమ్మా!"

"ఉప్పేసిన చారు మరిగిస్తే ఉప్పు పోతుందా బాబాయ్? ఇంకా కషాయం అవుతుంది. ఇదీ అలాంటి ఉప్పే. పసిపిల్లల రక్తానికి పడదు. పెదాలు నల్లబడతాయి, ఊపిరందదు."

ఆయన మొహంలో రంగు పోయింది. "బావికేటయింది?"

"...ఇంకా చూడాలి."

మన కాలవ సంగతి ఒక్కటీ చెప్పలేదు. మిగతావన్నీ చెప్పాను. ప్లాంటు గేటు దగ్గరి టౌను కొళాయి నీళ్ళు క్యాను నింపి ఇచ్చాను. సైకిలుకి కట్టుకుని అప్పుడే వెళ్ళిపోయాడు.

జూన్ 19

క్యాను నీళ్ళు కరివేపాకు మొక్కకి పోసేసిందట గౌరి అత్తగారు. "మురుగు ఫేక్టరీ నుంచొచ్చిన నీళ్ళు పసిదానికి పడతానేటి! నాను నలుగుర్ని పెంచాను." తప్పు పట్టలేను. ఆవిడ స్థానంలో నేనుంటే నేనూ పారబోసేదాన్నే.

అప్పన్న బాబాయ్ మళ్ళీ వెళ్ళాడు. మార్కెట్లో సీలు సీసాలు కొని తీసుకెళ్ళాడు. దేవుడా, ఆ సీలయినా ఆవిడ నమ్మితే చాలు.

జూన్ 20, శుక్రవారం

పదింటికి గౌరి ఫోను. "అక్కా, పెదాలు... నేరేడుపళ్ళు తిన్నట్టున్నాయక్కా. గోళ్ళు కూడా. ఏడవటం లేదు."

ఆటో. అప్పన్న బాబాయ్ ముందు సీట్లో డ్రైవరు పక్కన, నేను వెనక. సాహిలో గౌరి బిడ్డతో ఎక్కింది. గిరి రోడ్డు ట్రాఫిక్. గౌరి పెదాలు కదులుతున్నాయి, ఏదో మొక్కుకుంటోంది. నేను బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి కూర్చున్నాను పెద్దాసుపత్రి దాకా. ఆ వేలికి తగిలిన గాలి ఎప్పటికీ మర్చిపోను.

డాక్టరమ్మ రక్తం తీసింది. ఎర్రగా లేదు, చాక్లెట్ రంగు. "ఏ నీళ్ళు?" అంది. నేను కాగితం చాపాను. బావి ఇంత, కాచినవి ఇంత. ఆవిడ నన్నొకసారి ఎగాదిగా చూసి లోపలికి పరిగెత్తింది. ఇంజెక్షన్ ఇచ్చారు. అది నీలం రంగు మందు. నీలంగా మారిన పిల్లకి నీలం మందు, ఎవరికి చెప్తే నమ్ముతారు.

గంట తర్వాత ఏడ్చింది. వార్డంతా దద్దరిల్లేలా ఏడ్చింది. వెనకే ఇంకో ఆటోలో వచ్చిన గౌరి అత్తగారు గోడకి చేరబడి కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పన్న బాబాయ్ నా ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు. నా కంటే ముప్పై ఏళ్ళు పెద్ద. "నువ్వు ఆ కాయితం తేకపోతే... నువ్వే బతికించావమ్మా."

నేను ఆ చేతులు పట్టుకుని కిందికి దించాను. మర్యాద కొద్దీ అనుకున్నాడు పాపం.

జూన్ 21, శనివారం

పిల్ల తేరుకుంది. రెండు రోజులు ఉంచి పంపిస్తారట.

పాఢీ సారు గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "దేఖంతు మేడం, చూడండి, ఆ బావి శాంపిల్ మీ సొంతం. ప్లాంటు కాగితం మీద రాయకండి. ఊళ్ళో గోతి లెట్రిన్లు లేవా? పశువుల పాక లేదా?"

ఉన్నాయి. చూశాను. బావికి ఆ పక్కన రెండు లెట్రిన్లు, ఒక పాక. నైట్రేట్ మీద పేరు రాసి ఉండదు, ఇది ఎవరింటిదని. మన కాలవదెంత, వాటిదెంత, ఈ లాబ్‌లో నేను తేల్చలేను. ఆయన చెప్పేది అబద్ధం కాదు. అందుకే భయం. హాయిగా నమ్మేయొచ్చు.

బల్ల మీద టైపు చేసిన కాగితం. 'దిగువ సాహి బావి కలుషితానికి స్థానిక మరుగుదొడ్లే కారణం కావచ్చు.' కెమిస్టు సంతకానికి చోటు వదిలి ఉంది. గురువారం లోపల కావాలట.

ఇంట్లో మా ఆయనకి చెప్పాను. సంతకం పెట్టమనలేదు, వద్దనలేదు. కూర బాగుందన్నాడు.

జూన్ 23, సోమవారం

పాఢీ సారుని అడగలేదు. హాస్టల్ మెస్సులకి నేనే ఫోన్లు చేశాను. గంజి మా ప్లాంటుకి పంపండి. ఒక వంటాయన పడీ పడీ నవ్వాడు. "పేజ, అదే గంజి, కాలవలో పోస్తే కేసు పెట్టిస్తానన్నది మీరే గదా మేడం?" గోశాల వాళ్ళు మాత్రం నవ్వలేదు. ఆవులకి ఏం చెప్పమంటారు అన్నారు. ఒక పూట వాళ్ళకి, ఒక పూట మాకు, అలా తెగింది.

నాలుగు డ్రమ్ములు వచ్చాయి. అప్పన్న బాబాయ్ గాలి లేని ట్యాంకులోకి వంచాడు, మెల్లగా, పెళ్ళిలో వడ్డించినట్టు. "తినండ్రా, తినండి. మీ మేడమ్మ ఎట్టింది." ఎంత ఉషారో. మనవరాలు ఇంటికొచ్చింది మరి, సీలు సీసాల నీళ్ళు పడుతున్నారు.

నేను గట్టు దిగి లాబ్‌లోకి వచ్చి తలుపు వేసుకున్నాను.

జూన్ 24

తగ్గుతోంది. గులాబీ వెలిసిపోతోంది రోజుకింత. ట్యాంకు సంగతి అది. బావి అంత తొందరగా కడుక్కోదు, ఇసకలోకి దిగింది దిగిందే.

సాయంత్రం గౌరి ఫోను. మాటలన్నీ అయ్యాక అడిగింది. "అక్కా, బావి సంగతేటి? పక్కింటి సావిత్రికి ఏడో నెల. దానికేటి సెప్పమంటావు? మా అత్త ఏటంటాదంటే, డాక్టరమ్మ మందుతో బావి దోషం కూడా పోయుంటాదని."

పోలేదు, ఎవరూ ఆ నీళ్ళు పసిపిల్లలకి పట్టొద్దు అని చెప్పాను. ఎందుకు పాడయిందక్కా అంది. ఛార్జింగ్ అయిపోతోందన్నాను. ఛార్జింగ్ నిండుగా ఉంది.

ఇంత పిరికిదాన్నని నాకు తెలీదు.

జూన్ 25, బుధవారం

చెప్పేశాను.

మధ్యాహ్నం, గట్టు మీద, ఆయన డ్రమ్ము వంచుతుంటే. ఇంకోసారి 'మీ మేడమ్మ ఎట్టింది' అన్నాడు, భరించలేకపోయాను. బాబాయ్, ఆ బావిలోకి మన కాలవ నీళ్ళు దిగి ఉంటాయి. లెట్రిన్లదీ ఉండొచ్చు, కానీ మనదీ ఉంది. చలికాలం నుంచి మన నీళ్ళు పాడు. ఎందుకంటే గంజి ఆపించాను. నేను. కాచమన్నదీ నేనే.

వరసగా చెప్పేశాను, మధ్యలో ఆగితే మళ్ళీ నోరు పెగలదని.

డ్రమ్ము కింద పెట్టాడు.

"ఎప్పట్నించి తెల్సు నీకు?"

"పోయిన బుధవారం నుంచి."

వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. బుధ, గురు, శుక్ర.

"అయితే ఆసుపత్రిలో నాను దండం ఎట్టినప్పుడు కూడా తెల్సు."

"తెలుసు."

తిడితే బాగుండేది. డ్రమ్ములో మిగిలిన గంజి అడుగుదాకా వంచాడు, నీళ్ళు పోసి కడిగి అది కూడా వంచాడు. డ్రమ్ము బోర్లించాడు. సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. డ్యూటీ ఇంకా రెండు గంటలుంది.

జూన్ 26, గురువారం

పాఢీ సారు కాగితం మీద సంతకం పెట్టలేదు. వేరే రాశాను. బావి రీడింగు, కాచిన నీళ్ళ రీడింగు, చలికాలం నుంచి మన కాలవ రీడింగులు ఎవరేజ్ లేకుండా, గంజి ఆపిన నెల, తిరిగి పోసిన రోజు. లెట్రిన్లు కూడా రాశాను, పాక కూడా రాశాను. కింద నా పేరు. ఒక కాపీ ఆయన బల్ల మీద, ఒకటి డాక్టరమ్మకి, ఒకటి నా సంచిలో. ఆయన చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మేడం, మీకు తెలుసా ఏం చేశారో?" తెలుసన్నాను. పూర్తిగా తెలీదు.

అప్పన్న బాబాయ్ రాలేదు. ఆరింటి డ్యూటీ, ఇప్పుడు పదకొండు. ఇరవై ఏళ్ళలో చెప్పకుండా మానెయ్యడం ఇదే మొదటిసారట, వాచ్‌మన్ చెప్పాడు. డ్రమ్ములు గేటు దగ్గరే దిగి ఉన్నాయి. ఒకటి నేనే దొర్లించాను. సగం చీర మీదే పడింది.

ఫోను మోగుతోంది. గౌరి. నిన్న ఆయన ఇక్కణ్ణుంచి నేరుగా వాళ్ళింటికే వెళ్ళాడో, ఎవరికీ ఏమీ చెప్పకుండా గదిలో పడుకున్నాడో... చెప్పి ఉంటే ఏమంటుందో తెలీదు. చెప్పకపోతే మళ్ళీ మొదటినుంచీ నేనే చెప్పాలి, ఈసారి పిల్ల తల్లికి.

ఆగిపోయింది.

మళ్ళీ మోగుతోంది.